ఎర్రగా బుర్రగా

మీ ఇంట్లో మీరు అబద్ధమాడితే ఎలా దొరికిపోతారో నాకు తెలియదు. చొక్కా జేబులో బిల్లు కనబడటం వల్లో, స్నేహితుడు ఫోనులో నోరు జారడం వల్లో అయివుంటుంది. నా విషయంలో అంత శ్రమ ఎవరూ పడక్కర్లేదు. నా ముఖమే చెప్పేస్తుంది. బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదుటి నడిమి భాగం ముందు వెచ్చబడతాయి, తర్వాత ఎర్రబడతాయి, ఆ తర్వాత చురచురమని మంట మొదలవుతుంది. అప్పటికే మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. "ఎక్కడ తిన్నారు?" అంటుంది. తిన్నారా అని కాదండీ, ఎక్కడ అని.

దీన్ని రొజేషియా అంటారు. ముఖం మధ్యభాగంలో చర్మం కిందుండే సన్నటి రక్తనాళాలు అయినదానికీ కానిదానికీ ఉబ్బి, కొన్నాళ్ళకు ఆ ఎరుపు అక్కడే స్థిరపడిపోయే దీర్ఘకాలపు జబ్బు. ముప్ఫై దాటాక మొదలవడం ఎక్కువ. ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది, మగవాళ్ళలో ముక్కు లావెక్కేదాకా పోవడం ఎక్కువ. అంటుకోదు. పూర్తిగా పోదు గానీ, చెప్పిన మాట వింటే అణిగి ఉంటుంది. డాక్టరుగారు ఈ చివరి ముక్క చెప్పినప్పుడు మా ఆవిడ నావైపు చూసి, "ఆ జబ్బే నయమండీ" అంది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో ఇది జబ్బని నేననుకోలేదు. మురిసిపోయాను. పెళ్ళిచూపులనాడు మా అత్తగారి తరఫు పెద్దాయన ఒకరు "కుర్రాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అన్నారు. ఆ మాటను నేను ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నాను. ఏభై దగ్గరపడే వేళకు బుగ్గలకు మళ్ళీ ఆ రంగు వచ్చేసరికి, పొద్దుటి నడక ఫలించిందనుకున్నాను. ఆఫీసులో ఎవరో "ఏంటి సార్, మెరిసిపోతున్నారు" అంటే, "ఏం లేదయ్యా, రోజూ బీట్‌రూట్ రసం" అనేశాను. బీట్‌రూట్ కూర చేసిన రోజు నాకు కడుపు నొప్పని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఎర్రగా మాత్రం ఉన్నారు" అని ఊరుకుంది. రెండో సగం గురించి నేనూ అడగలేదు.

తర్వాత పొక్కులు లేచాయి. ఈ వయసులో మొటిమలా అని సిగ్గుపడుతూనే, లోలోపల ఒక మూల సంతోషపడ్డాను కూడా. మా అమ్మాయి నా ముఖాన్ని సెల్‌ఫోను లైటు వేసి పరీక్షించి, "మొటిమలైతే బ్లాక్‌హెడ్స్ ఉంటాయి నాన్నా, నీకు ఒక్కటీ లేదు. ఇది వేరే ఏదో" అంది. అది చదివింది బీకామ్. నేను నవ్వేశాను. డాక్టరుగారు తర్వాత సరిగ్గా ఆ మాటే చెప్పారు, ఫీజు తీసుకుని.

కానీ డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి ముందు మన సంప్రదాయం ఒకటుంది కదా. ఎదురింటి పిన్నిగారు శనగపిండిలో నిమ్మరసం పిండి రాయమన్నారు. మా అత్తగారు ఫోనులో పసుపూ మీగడా అన్నారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక రెండూ రాశాను. ఆ సాయంత్రం నేను ఫ్రిజ్ తలుపు తీసి, లోపల తల పెట్టుకుని నిలబడ్డాను. పాలు తీసుకోవడానికి వచ్చిన మా ఆవిడ ఒక్క మాటా అనకుండా నా చెవి పక్కనుంచి చెయ్యి పెట్టి గిన్నె తీసుకుని, "వెళ్ళేటప్పుడు తలుపు వెయ్యండి" అంది.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావమరిది. ప్రతి ఇంట్లోనూ ఒక బావమరిది ఉంటాడు, వాడికి మందుల షాపులో ఒక స్నేహితుడుంటాడు. చీటీ గీటీ లేకుండా ఒక ట్యూబు తెచ్చి, "రాత్రి రాసుకో బావా, పొద్దున్నే అద్దంలో పెళ్ళికొడుకు కనబడతాడు" అన్నాడు. కనబడ్డాడు. ఎరుపు పోయింది, పొక్కులు పోయాయి, చర్మం నున్నబడింది. వాడి చేతికి బంగారు కడియం వేయిద్దామనుకున్నాను. ట్యూబు అయిపోగానే మాత్రం ముందున్న ఎరుపుకి రెట్టింపు ఎరుపు, దాని మీద పొక్కులు, దాని మీద మంట. మళ్ళీ ట్యూబు, మళ్ళీ పెళ్ళికొడుకు, మళ్ళీ మంట. ట్యూబుని షేవింగ్ డబ్బాలో దాచుకునే దశకు వచ్చాను.

"ముఖానికి ఏమైనా రాశారా?" అని అడిగారు డాక్టరుగారు. "అబ్బే, ఏమీ లేదండీ" అన్నాను. చెవుల దాకా వెచ్చబడటం నాకే తెలుస్తోంది. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, ఆ ట్యూబు తీసి, బల్ల మీద పెట్టింది. అడుగునుంచి చుట్టచుట్టి పిండిన ట్యూబు అది.

అందులో ఉన్నది స్టెరాయిడ్. రాసిన కొత్తలో రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది గనక ఎరుపు మాయమవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది, ఆపితే జబ్బు పగబట్టి తిరిగొస్తుంది. మన దేశంలో ఇలా ముఖాలు పాడుచేసుకుని వచ్చేవాళ్ళు ఎంతమందంటే, చర్మవైద్యులు దీనికి "స్టెరాయిడ్‌తో పాడైన ముఖం" అని విడిగా ఒక పేరే పెట్టుకున్నారట. ఒక శాస్త్రీయ నామం కింద నేనూ చేరినందుకు కాస్త గర్వం కలిగింది. మా ఆవిడ ముఖం చూసి దాన్ని మింగేశాను.

తర్వాతి ప్రశ్న ఇంకా ఘోరం. "మందు అలవాటుందా?" నా ముక్కు ఎర్రగా ఉందని బజారులో జనం నన్ను చూసే చూపుకి అప్పటికే చచ్చిపోతున్నాను. పాపపుణ్యాలెరగని మజ్జిగ మనిషిని. నేను నోరు తెరిచేలోగానే మా ఆవిడ, "అంత ధైర్యం లేదండీ ఈయనకి" అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. డాక్టరుగారు మంచివారు. మద్యం ఈ జబ్బును రేపగలదే గానీ జబ్బుకి అదే కారణం కాదనీ, జన్మలో చుక్క ముట్టనివాళ్ళకూ వస్తుందనీ చెప్పారు. ఆ మాటని లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడిగాను. మా అత్తవారి ఊళ్ళో పంచుదామని. ఇవ్వలేదు.

ఇంటికొచ్చి నాలాంటి బాధితుల కోసం వెతికాను. అమెరికాలో జె.పి. మోర్గాన్ అని ఒక మహా బ్యాంకరు. ఈ జబ్బు ముదిరి ఆయన ముక్కు ఉబ్బి, గడ్డలు కట్టి, ఊదారంగుకు తిరిగింది. ఫొటో తీస్తానంటే మండిపడేవాడట. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో గిర్లాందాయో అనే ఇటలీ చిత్రకారుడు 1490 ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటుంది. ముక్కు నిండా బుడిపెలున్న తాతగారిని మనవడు ఎంతో ప్రేమగా తలెత్తి చూస్తుంటాడు. ఇవన్నీ మా ఆవిడకు చెప్పి, "చూశావా, ఎంతటివాళ్ళకి వచ్చిందో. మోర్గాన్ అంతటివాడికే తప్పలేదు" అన్నాను. "ఆయనకి బ్యాంకుంది. మీకు బ్యాంకులో అప్పుంది" అంది.

ఇక అసలు కథ. ఈ జబ్బుని రేపేవాటి జాబితా డాక్టరుగారు చదివారు. ఎండ. వేడి. ఉడుకునీళ్ళ స్నానం. పొగలుకక్కే కాఫీ టీలు. కారం. కోపం, కంగారు. అది చదువుతున్నప్పుడు మేమున్నది గుంటూరులో అండీ. వేసవి వస్తే ఎండకి రెంటచింతల పేరు ముందుంటుంది, అది మా పక్క జిల్లాలోదే. కారానికి మా ఊరి పేరే పెట్టారు. సీజన్‌లో మిర్చి యార్డు వైపు వెళ్తే గాలికే తుమ్ములొస్తాయి. ఎండా కారమూ తీసేస్తే గుంటూరులో మిగిలేది కోపమూ కంగారూ, అవీ కూడదట. "ఊటీకి బదిలీ దొరుకుతుందేమో చూడండి" అని డాక్టరుగారు నవ్వారు. మా ఆవిడ మాత్రం జాబితా మడిచి పర్సులో పెట్టుకుంది. ఆమె నవ్వలేదు. ఆ క్షణంలోనే నేను జాగ్రత్తపడాల్సింది.

కారానికీ ముఖం ఎర్రబడటానికీ ఉన్న సంబంధం తెలిస్తే మీరూ ఆశ్చర్యపోతారు. మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ గ్రాహకాన్ని తట్టి లేపుతుందో, మంట వేడిని కనిపెట్టేదీ అదే. అంటే పండుమిరపకాయ పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుంటే, ఇల్లు అంటుకుందనే ఒళ్ళు అనుకుంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. భోజనాల దగ్గర ఈ విజ్ఞానమంతా విప్పి, "కాబట్టి ఇది నా తప్పు కాదు, గ్రాహకం తప్పు" అని ముగించాను. మా ఆవిడ నా కంచం పక్కనున్న పచ్చడి జాడీని తన వైపు జరుపుకుంది. "నోబెల్ బహుమతి ఇచ్చి మరీ చెబితే ఇంకా తింటానంటారేం?" అంది. మా అమ్మాయి ఆ జాడీలోంచే ఒక ముద్ద కలుపుకుని, కళ్ళు మూసుకుని తింది. గుంటూరు పిల్ల.

ఎవరికి ఏది పడదో తెలియాలంటే రోజూ రాసుకోవాలన్నారు డాక్టరుగారు. ఒకరికి కారం పడకపోవచ్చు, ఇంకొకరికి ఎండ ఒక్కటే శత్రువు కావచ్చు. రాసుకోమన్నది నన్ను. రాసింది మా ఆవిడ. పాలలెక్కల పుస్తకానికి వెనకనుంచి మొదలుపెట్టి గళ్ళు కొట్టింది. తేదీ, ఏం తిన్నారు, ఎక్కడ తిరిగారు, ఎవరితో మాట్లాడారు, ఎరుపు ఎంత. అది వైద్యానికి పనికొచ్చే పుస్తకం అనుకుంటే పొరపాటే, ఛార్జిషీటు. ఒకసారి దొంగతనంగా తిరగేశాను.

"ఉప్మా తిన్నారు. ఎరుపు లేదు. ఉప్మా బాగాలేదన్నారు."

"ఆఫీసులో పని ఎక్కువన్నారు. బాగా ఎరుపు. చొక్కా మీద శనగపిండి. అరండల్‌పేట బజ్జీల బండి."

"గడ్డపార అడిగితే అటక ఎక్కి వెతికారు. ఎరుపు. దొరకలేదన్నారు. నేను ఎక్కాను. దొరికింది."

ఇవి చదివి నవ్వుకుంటుండగా నా పీకకు చుట్టుకునే సంగతి ఒకటి బయటపడింది. మా అత్తగారు వచ్చిన ప్రతిసారీ నాకు ఒంట్లో బాగుండదని, ఒత్తిడి పెరుగుతుందని మా ఆవిడ కాపురానికొచ్చినప్పటినుంచీ వాదిస్తున్నాను. పుస్తకంలో చూస్తే "అమ్మ వచ్చింది. వారం ఉంది. ఎరుపు లేదు" అని ఉంది. దాని కిందే "మీ అక్కయ్య ఫోను. పొలం సంగతి. బాగా ఎరుపు." మరో చోట "మీ అక్కయ్య ఫోను. ఎరుపు." ఇంకో చోట వట్టి "అక్కయ్య" అని, పక్కన ఎర్ర పెన్నుతో చుట్ట. మా అత్తగారి మీద నేను వేసిన కేసు ఆ రోజుతో కొట్టుడుపోయింది. ఆవిడ ఇప్పుడు "నీ ఆరోగ్యానికి మంచిది కదా బాబూ" అంటూ మరింత తరచుగా వస్తున్నారు.

కాఫీ విషయంలో నేను లొంగలేదు. చదివి పోరాడాను. కాఫీలో తప్పు కాఫీది కాదు, వేడిది. అమెరికాలో వేలమంది నర్సులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. కెఫీన్ ఉన్న కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో రొజేషియా తక్కువగా కనబడిందట! ఆ వార్త ప్రింటు తీసి వంటింట్లో గోడకు అంటించాను. మా ఆవిడ మొత్తం చదివింది. ఫిల్టర్ కాఫీ పెట్టింది. గ్లాసులో పోసి, చల్లారబెట్టి, మీగడ కట్టాక తెచ్చి ఇచ్చింది. "వేడిదే కదా తప్పు" అంది. చల్లారిన ఫిల్టర్ కాఫీ తాగినవాడికి తెలుస్తుంది, గెలిచి ఓడటం ఎలా ఉంటుందో.

ముఖం కడుక్కోవడం కూడా నాకు రాదని ఏభయ్యో పడిలో తెలిసింది. సబ్బు వద్దట. గోరువెచ్చని నీళ్ళు, నురగ తక్కువ వచ్చే మెత్తటి క్లెన్సరు, తువ్వాలుతో తుడవకుండా అద్దుకోవడం. దాని మీద మాయిశ్చరైజరు. బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను, అందులోనూ జింక్ ఆక్సైడ్ ఉన్నదైతే మంట పెట్టదు. మా అమ్మాయి నా వేళ్ళు చాపించి, రెండు వేళ్ళ పొడవునా సన్‌స్క్రీను గీత గీసి, "ఇంత రాయాలి నాన్నా" అంది. ఇన్నేళ్ళూ దాని బాత్రూమ్ అలమరలో సీసాలు చూసి "ఇది ఇల్లా, ఫ్యాన్సీ షాపా" అని అరిచినవాణ్ణి నేనే. ఇప్పుడు నా సీసాలకి చోటు చాలక తన సీసాల్లో ఒకటి ఇవతల పెట్టింది. ఏమీ అనలేదు. అననందుకే ఎక్కువ సిగ్గేసింది.

జింక్ ఆక్సైడ్‌తో వచ్చిన చిక్కు, అది ముఖం మీద తెల్లగా నిలబడిపోతుంది. మొదటి రోజు ఆఫీసుకెళ్తే గేటు దగ్గర మనిషి చేతులు జోడించాడు. విభూతి అనుకున్నాడట. ఇంకొకాయన "ఏ నాటకమండీ, సురభివాళ్ళదా?" అన్నాడు. మధ్యాహ్నం ఎండలో బయటపడాల్సి వస్తే గొడుగు. ఇంట్లో నల్ల గొడుగు ఊచ విరిగి ఉంది. మిగిలింది మా ఆవిడ గులాబీపూల గొడుగు. బ్రాడీపేట మెయిన్ రోడ్డు మీద ఆ గొడుగు కింద నడుస్తుంటే నా పాత శిష్యుడొకడు బండి ఆపి, దిగి, నమస్కారం పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. అడిగినా బాగుండేది.

మందుల మాట. రాత్రి పూట రాసుకోవడానికి ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము ఇచ్చారు. కొందరికి మెట్రోనిడజోల్ జెల్, కొందరికి అజెలాయిక్ ఆమ్లం ఇస్తారు. ఏదైనా వారాల తరబడి ఓపిగ్గా రాస్తేనే ఫలితం. మా బావమరిది ట్యూబుకి అలవాటుపడ్డ నాకు ఆ ఓపిక నేర్చుకోవడమే పెద్ద వైద్యం. ఈ ఐవర్‌మెక్టిన్ దేనికా అని రాత్రి మంచం మీద చదువుతూ కెవ్వున అరిచాను. మన ముఖం మీది రోమకూపాల్లో డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగులు కాపురం ఉంటాయట. అర మిల్లీమీటరు కూడా ఉండవు, ఎనిమిది కాళ్ళు. పగలు లోపల దాక్కుని, రాత్రి చీకట్లో బయటికొచ్చి సంసారం చేసుకుంటాయట. పెద్దవాళ్ళు దాదాపు అందరి ముఖాల మీదా ఉంటాయి గానీ, రొజేషియా ఉన్నవాళ్ళ మీద జనాభా ఎక్కువ. ఐవర్‌మెక్టిన్ వాటిని తగ్గిస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. దాని మూలమందుని కనిపెట్టినందుకు క్యాంప్‌బెల్, ఒమురా అనేవాళ్ళకు 2015లో నోబెల్ ఇచ్చారు. అంటే కారంతో కలిపి నా ముఖం వెనక రెండు నోబెల్ బహుమతులున్నాయి. ఈ మాట చెబుదామని పక్కకి తిరిగితే, మా ఆవిడ తలగడ తీసుకుని అమ్మాయి గదిలోకి వెళ్ళిపోతోంది. "అందరికీ ఉంటాయటే!" అన్నాను. "నావి పద్ధతిగా నిద్రపోతున్నాయి" అని తలుపేసుకుంది.

పొక్కులు ముదిరినప్పుడు డాక్సీసైక్లిన్ మాత్రలు తక్కువ మోతాదులో ఇచ్చారు, సూక్ష్మక్రిముల్ని చంపడానికి కాదు, వాపు తగ్గడానికి. గ్లాసుడు నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకుండా కాసేపు నిటారుగా కూర్చోవాలి. లేకపోతే మాత్ర గొంతు దిగువన ఆగి పుండుచేస్తుంది. ఆ కాసేపూ ఎక్కడికీ కదలని శ్రోత దొరికాడని మా ఆవిడకు తెలిసిపోయింది. గ్యాసు బండ, గోడ చెమ్మ, నేను ఎగ్గొట్టిన పేరంటాలు, అన్నీ ఆ మాత్ర దిగేలోపు చర్చకొచ్చేవి. బుగ్గల మీద దారాల్లా కనబడే రక్తనాళాలకు క్రీములు పనిచేయవు, లేజరు చేయించుకోవాలన్నారు. ఖర్చు ఎంతో విన్నాక నేను ఎంత ఎర్రబడ్డానంటే, డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని ఆసక్తిగా చూశారు.

ఒక్క మాట సీరియస్‌గా చెప్పనివ్వండి. నాకంటే ముందు ఈ జబ్బు మా చిన్నాన్నకి ఉంది. ఆయనది నలుపు. ఆ రంగులో ఎరుపు పైకి కనబడక ఏళ్ళ తరబడి "వేడి చేసింది" అని సబ్జా నీళ్ళు తాగించారు. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరమంటోందని ఆయన మొత్తుకున్నా దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు. ఈ జబ్బు కళ్ళకూ వస్తుంది. ముఖం మంట, వెచ్చదనం, తగ్గని పొక్కులు, కళ్ళ గరగర కలిసి కనబడితే రంగు సంగతి పక్కనబెట్టి డాక్టరుకి చూపించండి. ఇక నా పరువు సంగతికొద్దాం.

మా అమ్మాయి తనకు నచ్చిన అబ్బాయి సంగతి చెప్పింది. వాళ్ళ పెద్దవాళ్ళు మాట్లాడటానికి ఇంటికొస్తున్నారు. అమ్మాయి తండ్రి ముఖం ఎర్రగా ఉంటే బాగుంటుందా అని నా బెంగ. రక్తనాళాలను కుదించి కొన్ని గంటలపాటు ఎరుపు తగ్గించే జెల్ ఒకటుందని చదివి డాక్టరుగారికి ఫోను చేశాను. ప్రభావం దిగాక కొందరికి ముందుకంటే ఎక్కువ ఎరుపు వస్తుంది, ఎప్పుడూ వాడనివాళ్ళు పెళ్ళిమాటల రోజునే మొదలుపెట్టకండి అన్నారు. మా ఆవిడ నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, చల్లటి తడిగుడ్డ బుగ్గలకద్ది, "మీ అక్కయ్య ఫోను ఎత్తకండి" అని చెప్పి వెళ్ళింది.

వాళ్ళొచ్చారు. అబ్బాయి తండ్రి గుమ్మంలోకి రాగానే నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశాడు. ఆయన ముక్కు మీద జింక్ ఆక్సైడ్ తెల్లగా ఉంది. "మీది ఐవర్‌మెక్టినా?" అన్నాడు చెవిలో. "అవునండీ. మీది?" "అజెలాయిక్." కట్నాల మాట, కానుకల మాట మాకిద్దరికీ గుర్తులేదు. ఆయన కూడా ఒకప్పుడు అలాంటి స్టెరాయిడ్ ట్యూబే రాశాడట. ఇచ్చింది వాళ్ళ బావమరిదేనట. హాల్లో ఆడవాళ్ళిద్దరూ ముహూర్తం, మండపం, ఎవరు ఏం పెట్టాలి, అన్నీ తేల్చేసుకుంటుంటే, మేము ట్యూబులు చూసుకుందామని వంటింట్లోకి వెళ్ళాం. అక్కడ అతిథుల కోసం వేసిన వాము కూరిన మిరపకాయ బజ్జీల పళ్ళెం ఉంది. మూత కూడా లేదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ పాలలెక్కల పుస్తకం తీసింది. నేను వెనకనుంచి తొంగి చూశాను.

"పెళ్ళిమాటలు. కుదిరింది. మీ ముఖం, బాగా ఎరుపు. వియ్యంకుడిగారి ముఖం, బాగా ఎరుపు. పళ్ళెంలో బజ్జీలు పన్నెండు పెట్టాను, రెండున్నాయి. వియ్యపురాలికి ఫోను చేసి ఆవిడ పుస్తకంలోనూ రాసుకోమని చెప్పాలి."